రంగుల సీసాలో... సీసం!

ముదురు నీలం సీసా. సన్నటి మెడ, గుండ్రటి భుజాలు. మెడలో గొలుసు వేసి బిళ్ల కట్టినట్లుగా బంగారు గీతలు. ఆ బిళ్ల మీద 'రమ్' అనో, 'బ్రాందీ' అనో బంగారు అక్షరాలు. పైన బిరడా మీద కూడా ఆ పేరులోని మొదటి అక్షరమే. రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్లలో విందు బల్ల మీద ఇలాంటివి మూడేసి చొప్పున వరసగా కొలువుదీరేవి. వీటి పేరు డికాంటర్లు.

ఇంతకీ ఆ పేర్లు ఎందుకు రాసేవారు? అందం కోసమేనా? కాదు. నీలం గాజులోంచి చూస్తే లోపల ఏముందో తెలిసేది కాదు మరి!

నిజానికి డికాంటరు పుట్టింది అందుకు సరిగ్గా వ్యతిరేకమైన పనికి. పాత వైన్ అడుగున మడ్డి పేరుకుంటుంది. పైనున్న తేటను మెల్లగా వేరే పాత్రలోకి వంపుకోవాలి. మన ఇళ్లలో కాచిన నెయ్యిని గసి రాకుండా జాడీలోకి వంపుకోవడం లాంటిదే. తేట వచ్చిందో లేదో కనపడాలంటే గాజు నీళ్లలా తెల్లగా ఉండాలి. అలాంటి పాత్రకు రంగులద్ది లోపలున్నది దాచేశారు. పని కన్నా సోకు ఎక్కువైందన్నమాట. ఆ సోకే ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది చేత వీటిని వెతికించి మరీ కొనిపిస్తోంది.

ఊరి పేరే రంగు పేరు

పైన చెప్పుకున్న నీలాన్ని 'బ్రిస్టల్ బ్లూ' అంటారు. గాజుకు ఆ రంగు తెచ్చేది కోబాల్టు. పద్దెనిమిదో శతాబ్దంలో అది జర్మనీలోని శాక్సనీ నుంచి బ్రిస్టల్ రేవుకు వచ్చేది. అక్కడి నుంచి దేశంలోని ఇతర గాజు బట్టీలకూ వెళ్లేది. అందుకే ఎక్కడ తయారైనా బ్రిస్టల్ పేరే స్థిరపడిపోయింది. ఆ ఊళ్లో ఐజాక్ జాకబ్స్ అనే వ్యాపారి తన సరుకు అడుగున బంగారంతో సంతకం పెట్టేవాడు. ఆ సంతకమున్న వస్తువు దొరికితే సేకరించేవారికి పండగే. అయితే ఇరవయ్యో శతాబ్దంలో అచ్చం అలాంటి నకళ్లు బోలెడు తయారయ్యాయి. కాబట్టి తెలిసినవాళ్లు ముందు బంగారు అక్షరాలకు మురిసిపోరు. సీసాను తిరగేసి అడుగు చూస్తారు. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన సీసాకు అడుగంచున అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడతాయి. కావాలని గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపుకు ఉంటాయి. ఆ తర్వాత బిరడా చూస్తారు. 'బ్రాందీ' సీసా మీద 'రమ్' బిరడా ఉంటే, ఏదో ఒకటి ఎప్పుడో పగిలిందని అర్థం.

ఎరుపుది ఇంకో కథ. బంగారాన్ని ఆమ్లంలో కరిగించి గాజులో కలిపితే కెంపు రంగు వస్తుంది. పదిహేడో శతాబ్దం చివర్లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యోహాన్ కుంకెల్ ఇందులో చెయ్యి తిరిగినవాడు. ఆ ఖర్చు అందరివల్లా అయ్యేది కాదు. 1832లో బొహీమియాలో, అంటే నేటి చెక్ రిపబ్లిక్‌లో, ఫ్రీడ్రిక్ ఎగర్‌మాన్ ఇంకో దారి కనిపెట్టాడు. తెల్ల గాజు మీద రాగి పూత పూసి కాలిస్తే పైపొర మాత్రమే ఎర్రబడుతుంది. ఆ పొరను చెక్కితే కింద తెల్లటి గాజు మెరుస్తుంది. జింకలు, అడవులు, కోటలు అలా చెక్కిన ఎర్ర డికాంటర్లు సంతల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

మనకు వీటితో పరిచయం లేకపోలేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామాన్ల విభాగంలో బొహీమియా పనితనం చూడొచ్చు. ఉదయపూర్ మహారాణా సజ్జన్‌సింగ్ అయితే 1877లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్లర్ కంపెనీకి ఏకంగా గాజు కుర్చీలు, బల్లలు, మంచంతో సహా డికాంటర్లు కూడా ఆర్డరిచ్చాడు. పాపం, సరుకు వచ్చేసరికి ఆయన లేడు. చాలా ఏళ్లు పెట్టెలు విప్పినవాళ్లే లేరు!

చర్చి కిటికీల నుంచి విందు బల్లకు

రాజుల సరుకు రాజులదే. మామూలు సంసారుల చేతికి రంగు డికాంటరు విరివిగా అందింది అమెరికాలో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. వెస్ట్ వర్జీనియాలోని మిల్టన్ అనే చిన్న ఊళ్లో బ్లెంకో కుటుంబానికి గాజు బట్టీ ఉంది. 1921 నుంచి అక్కడ చర్చి కిటికీలకు రంగు పలకలు చేసేవారు. 1930 ప్రాంతంలో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. చర్చిలు కట్టేవాళ్లు తగ్గారు. పొట్ట గడవాలి కదా! అదే రంగుల గాజుతో కూజాలు, పూలపాత్రలు, డికాంటర్లు ఊదడం మొదలెట్టారు. విన్‌స్లో ఆండర్సన్ రూపొందించిన మెడ వంగిన డికాంటరుకు 1950లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 'గుడ్ డిజైన్' గుర్తింపు లభించింది. ఆ తర్వాత వచ్చిన వేన్ హస్టెడ్ చేతుల్లో సీసాలు చెరకు గడల్లా ఎదిగిపోయాయి. కొన్ని నేల మీద నిలబెట్టాల్సినంత ఎత్తు! వాటిలోంచి ఎవరూ ఏదీ వంచుకోలేరు. డికాంటరన్నది అక్కడ పేరుకే.

ఇటలీలోని ఎంపోలి నుంచి కూడా ఆ రోజుల్లో ఓడల మీద రంగు సీసాలు దిగేవి. ఆకుపచ్చ, నారింజ, తేనె రంగు. ఉల్లిపాయలాంటి పొట్ట, గోపురంలాంటి బిరడా. వాటికి 'జీనీ సీసాలు' అని పేరు పడింది. 1965లో మొదలైన 'ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ' టీవీ సీరియల్‌లో భూతం కాపురం ఉండే సీసా మాత్రం ఇటలీది కాదు. 1964 క్రిస్మస్‌కి జిమ్ బీమ్ కంపెనీ విస్కీ నింపి అమ్మిన డికాంటరు. మందు అయిపోయాక పారేయాల్సిన సీసా, టీవీ పుణ్యమా అని సేకరణ వస్తువైపోయింది.

చూడటానికా... తాగడానికా?

ఇంతదాకా బాగానే ఉంది. అపురూపమైన సీసా ఇంటికి వచ్చింది. నలుగురినీ భోజనానికి పిలిచారు. అందులో ఏదైనా పోసి పెట్టొచ్చా?

తెలుగులో సీసా, సీసం పక్కపక్కనే ఉండే మాటలు. ఈ వస్తువుల విషయంలో ఒకదాన్లో ఒకటి ఉంటుంది! 1674లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే ఆంగ్లేయుడు కొత్తరకం గాజుకు పేటెంటు పొందాడు. అందులో సీసం ఆక్సైడు కలపడంతో గాజు మెత్తగా చెక్కడానికి వీలైంది, వజ్రంలా మెరిసింది. ఆ తర్వాత మేలైన ఆంగ్ల డికాంటర్లన్నీ దాదాపు ఆ గాజే, బ్రిస్టల్ నీలంతో సహా. ఈ కాలపు 'లెడ్ క్రిస్టల్'లో సీసం ఆక్సైడు 24 శాతం, అంతకు పైనే ఉంటుంది.

అది గాజులోనే ఉండిపోతే గొడవే లేదు. కానీ పులుపు, మద్యం దాన్ని కొద్దికొద్దిగా లాగేస్తాయి. కొలంబియా యూనివర్సిటీకి చెందిన గ్రాజియానో, బ్లమ్ 1991లో 'లాన్సెట్' పత్రికలో తమ పరిశోధన ప్రచురించారు. లీటరుకు 90 మైక్రోగ్రాముల లోపు సీసం ఉన్న పోర్ట్ వైన్‌ను క్రిస్టల్ డికాంటర్లలో పోసి నాలుగు నెలలు ఉంచితే, అది 3,500 దాటింది. తాగే నీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములే! చిత్రమేమిటంటే రుచి మారదు, వాసన రాదు, రంగు తేడా కనపడదు. సీసం ముందుగా దెబ్బతీసేది ఎదిగే పిల్లల మెదడును. గర్భిణులకూ మంచిది కాదు. పిల్లల విషయంలో ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదంటూ లేదు.

'మా ఇంట్లో మందు ఊసే లేదు, నిమ్మరసమే' అనుకుని ఊరుకోవడానికి లేదు. నిమ్మ, నారింజ, చింతపండు... పులుపు ఏదైనా సీసాన్ని లాగుతుంది. రాత్రి షర్బత్ కలిపి ఫ్రిజ్‌లో ఉంచడానికి మాత్రం క్రిస్టల్ డికాంటరు అస్సలు పనికిరాదు. ఇష్టపడి వాడుకునేవారు అతిథులు కూర్చున్నాక పోసి, భోజనాలవగానే ఖాళీ చేసి కడిగేస్తారు. పిల్లలున్న చోట ఆ కాస్త కూడా వద్దు.

మరి ఏ సీసా ఎలాంటిదో తెలిసేదెలా? సైజుకు మించిన బరువుండి, గోటితో మీటితే గంటలా సాగి మోగితే సీసం ఉందని అనుమానించాలి. టక్కుమని ఆగిపోతే మామూలు సోడా గాజు కావచ్చు. అయినా చెవి చెప్పిన సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మలేం. అడుగున పాత స్టిక్కరు ఉంటే ఎంత జిడ్డుగా ఉన్నా పీకేయకండి. ఆధారం అదే, విలువా అదే. బొహీమియా పాతగాజులో ఎక్కువ భాగం పొటాష్, సున్నంతో చేసిందే. కానీ ఇరవయ్యో శతాబ్దానికి అక్కడా లెడ్ క్రిస్టల్ వచ్చేసింది. ఏదీ తేలకపోతే దాన్ని షోకేసుకు వదిలేయడమే.

షోకేసులో పెట్టేవాటికైనా స్నానం తప్పదు. లోపల చెయ్యి పట్టదు కదా అని దిగులక్కర్లేదు. గుప్పెడు బియ్యం, కాస్త వెనిగర్, గోరువెచ్చని నీళ్లు పోసి గుండ్రంగా తిప్పితే తెల్లటి మరక చాలావరకు వదులుతుంది. వదలకపోతే అది మురికి కాదు, గాజే లోపల పాడైందని లెక్క. కొనేముందే తడిపి చూపించి అమ్మేవాళ్లతో జాగ్రత్త. తడిగా ఉన్నంతసేపు ఆ మసక కనపడదు! బిరడా బిగుసుకుపోతే గుంజకూడదు. అంచు చుట్టూ రెండు చుక్కల నూనె వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున గోరువెచ్చని గుడ్డ మెడకు చుట్టి మెల్లగా తిప్పాలి. కడిగాక లోపల బాగా ఆరేదాకా బిరడా పెట్టకూడదు.

ఇక సీసం లేదని నమ్మకంగా తెలిసిన రంగు సీసా దొరికి, విందులో పెట్టాలనుకుంటే ఇంకో చిన్న చిక్కుంది. నీలం డికాంటరులో రోజ్ షర్బత్ పోస్తే సిరాలా నల్లగా కనిపిస్తుంది. ఆకుపచ్చ దాన్లో నారింజరసం బురద నీళ్లే! ఏ రంగు సీసాకైనా వంక లేకుండా అమరేది చల్లటి మంచినీళ్లు. మెడలో 'నీళ్లు' అని రాసిన చిన్న బిళ్ల ఒకటి కడితే, ఇందులో ఏముందండీ అని అతిథులు అనుమానంగా అడగరు.