6.4 గాలం రీలులో స్ప్రింగ్ వాషర్ – డ్రాగ్ సర్దుబాటు

ఘర్షణ బలం అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని 6.2లో చదివారు. స్ప్రింగు బలం దాని కుదింపును బట్టి పెరుగుతుందని 6.3లో తెలుసుకున్నారు. ఈ రెండు సూత్రాలూ కలిసి పనిచేసే చిన్న యంత్రం గాలం రీలు.

భద్రాచలం వద్ద గోదావరిలో చేపల వేట ప్రధానంగా వలలతోనే సాగుతుంది. అయినా వాలుగ, బొచ్చె వంటి పెద్ద చేపల కోసం రీలు బిగించిన గాలం కర్ర వాడేవారూ ఉన్నారు. (కిన్నెరసాని జలాశయం అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం వేయరాదు.) పెద్ద చేప ఒక్కసారిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే అమరికను డ్రాగ్ అంటారు. దారం తెగితే పోయేది చేప ఒక్కటే కాదు. కొక్కెంతో పాటు బారలకొద్దీ నైలాన్ దారం నీటిలో ఉండిపోయి, తర్వాత వలలకూ పక్షుల కాళ్లకూ చుట్టుకుంటుంది.

సాధారణ రీలులో పిడి తిప్పితే పెద్ద పళ్లచక్రం, దాని ద్వారా చిన్న పళ్లచక్రం, దానితో దారం కండె తిరుగుతాయి. పెద్ద పళ్లచక్రం లోపల లోహపు బిళ్లలు, నార బిళ్లలు ఒకటి విడిచి ఒకటిగా పేర్చి ఉంటాయి. పిడి వెనక్కి తిరగదు. అందువల్ల చేప లాగినప్పుడు పళ్లచక్రం ఈ బిళ్లల మధ్య జారుతూ తిరుగుతుంది. బిళ్లల దొంతరను నొక్కేది పిడి పక్కనున్న నక్షత్రాకారపు మర. అమెరికాలో సముద్రపు వేట కోసం 1910లలో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతి నేటికీ పెద్దగా మారలేదు.

మరకూ బిళ్లలకూ మధ్య స్ప్రింగు లేదనుకోండి. బిళ్లలు దాదాపు కుదింపు లేనివి. మరను కొద్దిగా తిప్పగానే డ్రాగ్ వదులు నుంచి పూర్తి బిగువుకు దూకుతుంది. నడిమి స్థాయి చేతికి అందదు. ఆ నడిమి స్థాయిని ఇచ్చేది గిన్నె వాషర్. నడుమ రంధ్రం ఉండి, మూకుడులా కొద్దిగా లోతుగా ఉండే ఉక్కు బిళ్ల ఇది. ఫ్రాన్స్‌కు చెందిన జూలియన్ బెల్విల్ 1867లో దీనికి పేటెంటు పొందాడు.

రెండు గిన్నె వాషర్లను ఎలా పేరుస్తామన్నది ముఖ్యం. ఒక్కొక్కటి 0.4 మి.మీ. కుదుస్తుందనుకుందాం. మూకుడు మీద మూకుడు బోర్లించినట్లు ఎదురెదురుగా పెడితే మొత్తం కుదింపు 0.8 మి.మీ. అవుతుంది, బలం ఒక్క వాషర్ బలమే. ఒకదానిలో ఒకటి ఇమిడేలా పెడితే కుదింపు 0.4 మి.మీ. మాత్రమే, బలం మాత్రం సుమారు రెట్టింపు. మర ఒక చుట్టుకు 1 మి.మీ. కదిలితే, మొదటి అమరికలో వదులు నుంచి బిగువు వరకు ముప్పావు చుట్టుకు పైగా దొరుకుతుంది. రెండోదానిలో అర చుట్టు కూడా దొరకదు. రీలు విప్పినప్పుడు వాషర్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో గుర్తు పెట్టుకోమనేది ఇందుకే.

ఇక్కడ పేరు వల్ల ఒక చిక్కు వస్తుంది. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఇనుప సామాన్ల దుకాణంలో "స్ప్రింగ్ వాషర్" అడిగితే సాధారణంగా చేతికిచ్చేది ఒకచోట తెగి, మెలిక తిరిగిన ఉంగరం. అది నట్టు వదులు కాకుండా బోల్టుకు వేసేది. దాని అంచు ఒకవైపే నొక్కుతుంది కనుక ఘర్షణ బిళ్లలపై ఒత్తిడి సమంగా పడదు. డ్రాగ్ కుదుపులతో జారుతుంది. పూర్తిగా అణిగాక అది మామూలు బిళ్లతో సమానం. లోపలి, బయటి వ్యాసాలు సరిపోయినంత మాత్రాన దానిని రీలులో వాడకూడదు. గిన్నె వాషర్ అనో, పాతదాన్ని చూపించో అడగాలి.

ఇక సర్దుబాటు. దారం తెగే బలంలో మూడో వంతుకు డ్రాగ్ పెట్టడం వాడుక. 9 కి.గ్రా. దారానికి 3 కి.గ్రా. అన్నమాట. దారం కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి, కర్రను వేటలో పట్టినట్లే వంచి, కండె జారడం మొదలయ్యే వరకు లాగి చూడాలి. కర్ర రింగుల దగ్గర కలిగే ఘర్షణ కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది. త్రాసు ముల్లు మొదట ఎగిరి తర్వాత పడిపోతే బిళ్లలు అంటుకుంటున్నట్లు. వాటిని తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజు రాయాలి.

మూడో వంతే ఎందుకు? డ్రాగ్ టార్క్ మారకపోయినా, దారం పోయేకొద్దీ కండె వ్యాసార్థం తగ్గుతుంది. నిండు కండె వ్యాసార్థం 24 మి.మీ. అయితే టార్క్ 3 × 24 = 72 కి.గ్రా.-మి.మీ. వ్యాసార్థం 12 మి.మీ.కు తగ్గితే దారంపై బలం 72 ÷ 12 = 6 కి.గ్రా. మనం మరను ముట్టుకోకుండానే డ్రాగ్ రెట్టింపయింది! వరద తగ్గుముఖం పట్టినా గోదావరి ఉరవడి ఇంకా ఉన్న రోజుల్లో, నీటిలోని పొడవైన దారాన్ని ప్రవాహం లాగే బలం దీనికి తోడవుతుంది. చేప దూరం పోతుంటే బిగించాలనిపించడం సహజం, కానీ అప్పుడు చేయవలసింది మరను కొద్దిగా వదులు చేయడం.

వేట ముగిశాక మరను పూర్తిగా వదులు చేసి రీలును దాచండి. నెలల తరబడి నొక్కి ఉంచితే నార బిళ్లలు అణిగిపోతాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 12 కి.గ్రా. దారం, నిండు కండె వ్యాసార్థం 30 మి.మీ. డ్రాగ్ 4 కి.గ్రా.కు పెట్టారు. ఏ వ్యాసార్థం వద్ద డ్రాగ్ ఒక్కటే దారాన్ని తెంపగలదు?