తిన్నదానికీ లెక్క ఉండాలి

ఇంటి ఖర్చుకు మనమందరం లెక్క రాస్తాం. పాలకు ఎంత, కిరాణాకు ఎంత, పిల్లల ఫీజుకు ఎంత అని నెలాఖరున పద్దు చూసుకుంటాం. నోట్లోకి వెళ్ళేదానికి మాత్రం పద్దు ఉండదు. మా ఇంట్లోనూ ఉండేది కాదు. అబ్బాకు రక్తంలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందని, నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిందని, ఆరేడు కిలోలు తగ్గకపోతే మాత్రలు తప్పవని డాక్టరు చెప్పాక మేము నోటుబుక్కు తెరిచాం.

"నేను తినేదెంత? పొద్దున రెండు రొట్టెలు, మధ్యాహ్నం కాస్త అన్నం. అంతేగా!" అన్నారు అబ్బా. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకున్నారు. అమెరికాలో ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న కొందరిని వైద్యులు పరీక్షించి, ఆ ఫలితాలను 1992లో ప్రకటించారు. వారు అసలు తిన్నదాంట్లో దాదాపు సగమే లెక్కలో చెప్పారని తేలింది. మనిషి మరుపు అలాంటిది. కనుక తిన్న వెంటనే రాయాలని మేము షరతు పెట్టుకున్నాం. రాత్రి పడుకునేముందు గుర్తు చేసుకుని రాస్తే సగం ఎగిరిపోతుంది.

పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయి. నూనె, నెయ్యి గ్రాముకు 9 ఇస్తాయి. పెద్దగా ఒళ్ళు వంచని పని చేసే 65 కిలోల పురుషునికి రోజుకు 2,110, అదే తరహా పని చేసే 55 కిలోల స్త్రీకి 1,660 కేలరీలు చాలునని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. ఏ పదార్థంలో ఎంత ఉందో తెలిపే పట్టికలను కూడా ఆ సంస్థే 2017లో ప్రచురించింది.

మొదటి వారం పద్దు చూసి మేమే ఆశ్చర్యపోయాం. దోషి బిర్యానీ కాదు, చాయ్! అబ్బాకు రోజుకు ఆరు కప్పులు. కప్పుకు రెండు చెంచాల చొప్పున పన్నెండు చెంచాలు, అంటే సుమారు 60 గ్రాముల చక్కెర. ఒక్క చక్కెర కిందే 240 కేలరీలు! పాలు, ఉస్మానియా బిస్కెట్లు వేరే. ఇవేవీ ఆయన దృష్టిలో 'తిండి' కాదు మరి.

రెండో దొంగ నూనె. ఐదుగురం నెలకు ఆరు లీటర్లు వాడుతున్నాం. భాగిస్తే మనిషికి రోజుకు 37 గ్రాములు. పోషకాహార సంస్థ 2024లో సూచించిన రోజువారీ పళ్ళెంలో నూనె, కొవ్వులకు కేటాయించింది 27 గ్రాములే. అమ్మీ డబ్బా వంచి పోయడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టారు. నెలకు నాలుగున్నర లీటర్లకు దిగాం. కూర రుచి తగ్గిందని మొదటి పది రోజులు అందరం సణిగిన మాట నిజం.

అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఒకే పళ్ళెంలోంచి తినే ఇళ్ళలో ఎవరు ఎంత తిన్నారో తేల్చడమెలా? ఇది చాలామంది సోదరీమణులకు వచ్చే సందేహమే. మేము దేగ్చీ దగ్గరే లెక్క కట్టాం. కిలో బియ్యానికి సుమారు 3,500 కేలరీలు. అందులో పోసిన 200 గ్రాముల నూనెకు 1,800. బరువులో బియ్యానికి ఐదోవంతున్న నూనె, కేలరీల్లో సగం ఉంది! మాంసం లెక్క కూడా కలిపి మొత్తాన్ని గరిటెల చొప్పున పంచుకుంటే చాలు. కొంత అటూఇటూ అయినా నష్టం లేదు.

రంజాన్‌లో ఈ పద్దు మరీ అవసరమని తెలిసింది. పగలంతా ఉపవాసం ఉన్నామన్న ధీమాతో ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చి బజ్జీలు, షర్బత్ లాగించేస్తాం. పొట్ట పూర్తిగా నింపుకోవద్దని, శ్వాసకు చోటుంచాలని దైవప్రవక్త (స) నేర్పిన సంగతి ఖుత్బాల్లో ఏటా వింటాం. విని ఇంటికొచ్చి హలీం రెండో గిన్నె అందుకుంటాం.

ఒక జాగ్రత్త. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గడానికి ఈ లెక్కల జోలికి వెళ్ళకూడదు.

మూడు నెలల్లో అబ్బా నాలుగు కిలోలు తగ్గారు. మొదటి నెలలో చకచకా, తర్వాత నెమ్మదిగా. ఒళ్ళు తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన కేలరీలూ తగ్గుతాయి కాబట్టి ఇది సహజమే. చక్కెర కూడా కొంత దిగింది. మాత్రల మాట ప్రస్తుతానికి వాయిదా వేశారు డాక్టరు.

మొన్న బంధువుల వలీమాకు వెళ్ళొచ్చాం. అబ్బా షేర్వానీ అయినా విప్పకుండా నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. "డబుల్ కా మీఠా" అని రాసి, కాసేపు ఆలోచించి, పక్కన "రెండుసార్లు" అని చేర్చారు.