ఇప్పపువ్వు రాలినట్టు కాదు

ఎండాకాలం మొదలైందంటే టేకులపల్లి చుట్టుపక్కల అడవిలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. బుట్ట పట్టుకుని వెళ్లినవాళ్లకు తర్వాత ఏ పువ్వు రాలుతుందో తెలియదు. పొద్దెక్కేసరికి చెట్టుకింద పూలు పరుచుకుని ఉంటాయని మాత్రం తెలుసు. క్వాంటం యాదృచ్ఛికత గురించి వింటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది. ఈ పోలిక సగం వరకే నిలుస్తుంది.

అపోహ: ముందుగా చెప్పలేనిదల్లా క్వాంటం వింతే.

వాస్తవం: పువ్వు రాలడానికి దాని పక్వం, బరువు, గాలి కారణాలు. బొమ్మా బొరుసూ కూడా అంతే, విసురు లెక్క పూర్తిగా తెలిస్తే ఏది పడుతుందో చెప్పొచ్చు. అక్కడ లోటు మన తెలివిడిలో ఉంది. రేడియోధార్మిక కార్బన్-14 పరమాణువులు రెండు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అయినా ఒకటి ఈ క్షణమే క్షయిస్తుంది, రెండోది పదివేల ఏళ్లు అలాగే ఉండిపోవచ్చు. ఏది ముందో చెప్పే గుర్తేదీ క్వాంటం సిద్ధాంతంలో లేదు.

అపోహ: లోపల దాగిన కారణం ఏదో ఒకరోజు బయటపడుతుంది.

వాస్తవం: ఐన్‌స్టీన్‌కూ ఇదే అనుమానం. 1964లో జాన్ బెల్ ఆ వాదనను ప్రయోగశాలకు ఎక్కించే దారి చూపాడు. జంటగా పుట్టి దూరమైన కణాలు కొలతకు ఇవ్వాల్సిన జవాబులను ముందే మోసుకొస్తూ, కాంతి కంటే వేగంగా ఒకదాన్నొకటి ప్రభావితం చేయకుండా ఉంటే, వాటి కొలతల మధ్య పొంతన ఒక హద్దు దాటకూడదు. ప్రయోగాల్లో దాటింది. ఆ కృషికే ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ దక్కింది. దాగిన కారణం ఉందనేవాళ్లు ఇప్పుడు దూరాన్ని లెక్కచేయని ప్రభావాన్ని కూడా ఒప్పుకోక తప్పదు.

అపోహ: యాదృచ్ఛికమంటే అడ్డూ అదుపూ లేనిది.

వాస్తవం: ఒక్క పరమాణువు సంగతి చెప్పలేం, కోట్ల పరమాణువుల సంగతి కచ్చితంగా చెప్పగలం. కార్బన్-14లో సగం 5,730 ఏళ్లలో క్షయిస్తుంది. మిగిలినవాటికి ముసలితనం రాదు, మళ్లీ అంతే కాలంలో వాటిలో సగం పోతాయి. పాత పొయ్యిలో దొరికిన కట్టెబొగ్గు వయసు తేల్చేది ఈ లెక్కతోనే. టేకులపల్లి మండలంలోనే ఉన్న కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని బొగ్గుకు అది పనికిరాదు. ఆ బొగ్గు పుట్టి 25 కోట్ల ఏళ్లు దాటింది, నాటి కార్బన్-14 ఎప్పుడో హరించుకుపోయింది.

అపోహ: గట్టిగా కోరుకుంటే క్వాంటం ఫలితం మనవైపు తిరుగుతుంది.

వాస్తవం: ‘క్వాంటం’ పేరు తగిలించిన తాయెత్తులు అమ్ముడయ్యేది ఈ నమ్మకం మీదే. కొలత అంటే కణానికి పరికరం తగలడం, గదిలో మనిషి లేకపోయినా అది నమోదవుతుంది. ఏం కొలవాలో మనం ఎంచుకోగలం, ఏ జవాబు రావాలో ఎంచుకోలేం. మన ఒంట్లోని పొటాషియంలోనే సెకనుకు సుమారు 4,000 పరమాణువులు క్షయిస్తుంటాయి. ఏ ఒక్కటీ మన మాట వినదు.