మీకు తెలుసా? ఫోన్లో డాక్టరంటే ఎవరు సరే అంటారు, ఎవరు వద్దంటారు

టెలిఫోన్ పుట్టి నాలుగేళ్లు నిండకముందే దాంతో వైద్యం జరిగిపోయింది. 1879లో లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్' అమెరికాలో జరిగిందంటూ ఓ ముచ్చట వేసింది. అర్ధరాత్రి పసిబిడ్డకు దగ్గు. కొత్తగా తల్లయిన అమ్మాయి భయపడి వాళ్లమ్మకు ఫోన్ చేసింది. ఆ అమ్మమ్మ తమ ఇంటి డాక్టరును నిద్రలేపింది. ఆయన బిడ్డను ఫోన్ దగ్గరికి ఎత్తి పట్టుకోమని, దగ్గు విని, భయపడాల్సిన జబ్బేమీ కాదని తేల్చేశాడు. ఆయన ఇల్లు కదల్లేదు, అమ్మమ్మనూ కదలొద్దన్నాడు. ముగ్గురూ హాయిగా పడుకున్నారు. అవతలున్నది ఎప్పుడూ చూసే డాక్టరే కాబట్టి ఆ నిద్ర పట్టింది. ముక్కూమొహం తెలియని గొంతయితే ఆ తల్లి తెల్లారేదాకా బిడ్డను భుజాన వేసుకుని తిరిగేదే.

మన దగ్గర ఈ కథకు చిత్తూరు జిల్లాలో ఒక మజిలీ ఉంది. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అరగొండ టెలిమెడిసిన్ కేంద్రాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అపోలో వ్యవస్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అది. సెల్‌ఫోన్ ఇంకా డబ్బున్నవాళ్ల జేబులోనే ఉన్న రోజులవి.

ఇప్పటి సంగతికొస్తే, కేంద్ర ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ 'ఈ-సంజీవని' 2023 ఫిబ్రవరిలో 10 కోట్ల సంప్రదింపులు దాటింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒక్కదాని వాటా 3.17 కోట్లు. అప్పటికి దేశంలో మొదటి స్థానం. రెండో స్థానంలో ఉన్న తమిళనాడు అప్పుడు 1.23 కోట్ల దగ్గర ఉండేది, తెలంగాణ 45 లక్షలు దాటింది. ఆంధ్రావాళ్లంతా స్మార్ట్‌ఫోన్లలో ఆరితేరిపోయారనుకునేరు! ఈ-సంజీవనిలో ఎక్కువ భాగం రోగి చేతిలో ఫోనే అక్కర్లేని పద్ధతిలో నడుస్తుంది. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు నడిచి వెళ్తే, అక్కడ ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలు) అమ్మాయి బీపీ పట్టీ కట్టి, వేలు గుచ్చి షుగర్ చూసి, ఆ అంకెలు ట్యాబ్‌లో ఎక్కించి డాక్టరును తెర మీదికి పిలుస్తుంది. డాక్టరు మాట సరిగా వినపడకపోతే "పెద్దమ్మా, రాత్రి పూట మాత్ర మానేశావా అని అడుగుతున్నారు" అని చెవిలో గట్టిగా చెబుతుంది. మాత్రలు చాలావరకు అక్కడే చేతిలో పెడుతుంది. పెద్దమ్మ నమ్మకం తెర మీద కాదు, పక్కన కూర్చున్న ఆ అమ్మాయి మీద. యాప్ డౌన్‌లోడ్ చేసి, ఓటీపీ కొట్టి, స్లాట్ పట్టుకోమంటే ఈ పెద్దమ్మ ఆర్‌ఎంపీ దగ్గరికే పోయేది. ఆయన కనీసం సూదయినా వేస్తాడు కదా!

అదే లెక్కల్లో ఇంకో అంకె: ఈ-సంజీవని వాడినవాళ్లలో 57 శాతానికి పైగా ఆడవాళ్లు. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కనపడలేదు. పట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే తోడు మనిషి కావాలి, ఆ మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి, బస్సు ఖర్చు పెట్టుకోవాలి. తన జబ్బుకు ఇంత హడావుడి ఎందుకులే అని వాయిదా వేసుకునేది ఇంట్లో ముందుగా ఆవిడే.

డబ్బు మాట ఎత్తాం కాబట్టి ఇదీ చూడండి. అమెరికాలో ర్యాండ్ సంస్థ పరిశోధకులు 2021లో ప్రచురించిన సర్వేలో, అత్యవసరం కాని వైద్యానికి నేరుగా వెళ్తామన్నవారు 53 శాతం, వీడియో చాలన్నవారు ఐదుగురిలో ఒకరు. అసలు తమాషా ఆ తర్వాత. వీడియోకు ఎక్కువ ఫీజు పెట్టి అడిగేసరికి, వీడియో కావాలన్నవాళ్లలో చాలామంది నేరుగా వెళ్లడానికే మళ్లిపోయారు. నేరుగా వెళ్తామన్నవాళ్ల దగ్గర ఫీజు పెంచితే మాత్రం దాదాపు సగం మంది కదల్లేదు. మన దేశంలో 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫీజు విషయంలో రెంటినీ ఒకేలా చూడమన్నాయి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలని, సంప్రదింపు మధ్యలో రోగి గానీ డాక్టరు గానీ ఎప్పుడైనా ఆపేసి, నేరుగా చూపించుకునే పద్ధతికి మారవచ్చని కూడా అందులో ఉంది. అయినా "నాలుగు మాటలు చెప్పడానికి ఐదొందలా" అనే గొణుగుడు మన ఇళ్లలో పోలేదు.

చెయ్యి వేసి చూడకుండా వైద్యమేంటి అనేవాళ్లను చాదస్తులుగా కొట్టిపారేయకండి. అపెండిక్స్ అనుమానం వస్తే పొట్ట కుడివైపు కింద నొక్కి, వదిలి, ఎక్కడ మెలిపెట్టిందో చూడాల్సిందే. ఏ కెమెరా ఆ పని చేయదు. ఒంటి మీద దద్దుర్లకు ఫొటో చాలాసార్లు సరిపోతుంది. పాత షుగర్ రోగికి మందు మోతాదు సరిచూడ్డానికి ఇంట్లో రాసుకున్న రీడింగులు చాలు. వద్దనడం, సరేననడం ఒకే మనిషి ఒకే వారంలో చేయొచ్చు, రెండూ సబబే.

చెయ్యి వేసే పని పెద్దగా లేనిది మనసు జబ్బు. అందుకే అమెరికాలోని నెబ్రాస్కాలో 1964లోనే, 112 మైళ్ల దూరంలో ఉన్న ఆసుపత్రి రోగులతో సైకియాట్రిస్టులు టీవీ తెర మీద మాట్లాడారు. మన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పేరున్న మానసిక వైద్యుడి మెట్లెక్కుతుంటే ఎదురింటివాళ్లు చూస్తారన్న భయం ఇక్కడ ఉండదు. కాకపోతే ఒక చిక్కు. రెండు గదుల ఇంట్లో అత్తగారు టీవీ చూస్తుంటే కోడలు ఎక్కడ నిలబడి మాట్లాడాలి? మేడ మీదికి వెళ్లే దారి లేనివాళ్లకు ఫోన్ ఉన్నా ఏకాంతం లేదు.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఒక సంగతి. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి జ్వరమొస్తే హైదరాబాద్‌లోని తమ పాత డాక్టరుకే వాట్సాప్ చేస్తాడు, తెలుగులో చెప్పుకుంటేనే తృప్తి. కానీ 2020 మార్గదర్శకాలు దేశం దాటిన సంప్రదింపులకు వర్తించవు. అటు అమెరికాలోనూ, మామూలుగా రోగి ఏ రాష్ట్రంలో ఉంటే డాక్టరుకు ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. హైదరాబాద్ డాక్టరు వాట్సాప్‌లో పంపిన చీటీకి డల్లాస్ మందుల షాపులో మందు ఇవ్వరు.