ఆకు సారాల సూక్ష్మజీవ నిరోధక చర్య – పరీక్షా విధానం

వేపాకు క్రిములను చంపుతుందని మీరు చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నారు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం మనకు తెలిసిన ఆచారమే. అయితే నమ్మకం వేరు, నిరూపణ వేరు. వేపాకు సారం బాక్టీరియాను నిరోధిస్తుందో లేదో అగార్ గుంటల వ్యాపన పద్ధతిలో ఎలా పరీక్షిస్తారో ఈ భాగంలో తెలుసుకొందాం.

సారం తయారీ: ఆకులను కడిగి, నీడలో ఆరబెట్టి పొడి చేయాలి. ఎండ తగిలితే కొన్ని రసాయనాలు విచ్ఛిన్నం కావచ్చు. 10 గ్రా. పొడిని 100 మి.లీ. ఇథనాల్‌లో ఒక రోజు నానబెట్టి వడపోయాలి. ఇథనాల్‌ను ఆవిరి చేయగా మిగిలిన సారాన్ని తూచి, 10% డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో తెలిసిన గాఢతకు కరిగించాలి.

పరీక్ష: పెట్రిడిష్‌లో ముల్లర్-హింటన్ అగార్‌ను 4 మి.మీ. మందాన పోసి గడ్డకట్టనివ్వాలి. స్టెఫైలోకాకస్ ఆరియస్ అవలంబనాన్ని 0.5 మెక్‌ఫార్లండ్ ప్రమాణానికి సరిచేయాలి. అంటే మి.లీ.కు సుమారు 15 కోట్ల కణాలు ఉంటాయి. దీనిని శుద్ధిచేసిన దూదిపుల్లతో అగార్ అంతటా పూసి, 6 మి.మీ. వ్యాసంగల మూడు గుంటలు చేయాలి. మొదటి గుంటలో సారం, రెండవదానిలో జెంటామైసిన్, మూడవదానిలో ఆకు పొడి లేకుండా అవే దశల్లో తయారుచేసిన ద్రావణి సమాన పరిమాణంలో పోయాలి. 37° సెం. వద్ద 18–24 గంటలు ఉంచి, గుంట చుట్టూ బాక్టీరియా పెరగని నిరోధక మండలం వ్యాసాన్ని కొలవాలి.

ఫలితాల వివరణ: సారం వద్ద 14 మి.మీ., ద్రావణి వద్ద 13 మి.మీ. వచ్చాయనుకోండి. వేపాకు పనిచేసిందని రాయవచ్చా? రాయకూడదు. పూర్తిగా ఆవిరికాని ఇథనాలే బాక్టీరియాను చంపి ఉండవచ్చు. ద్రావణి గుంట లేకపోతే ఈ పొరపాటు మీకు తెలిసేదే కాదు. 6 మి.మీ. అనేది గుంట వ్యాసమే కనుక, ఆ కొలత వస్తే నిరోధం కనిపించలేదని అర్థం. ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి.

పెద్ద మండలం వచ్చినంత మాత్రాన సారం మందు అయిపోదు. మండలం పరిమాణం రసాయనం అగార్‌లో ఎంత తేలికగా వ్యాపిస్తుందనే దానిపైనా ఆధారపడుతుంది. అందుకే తరవాత కనిష్ఠ నిరోధక గాఢతను, మానవ కణాలపై విషప్రభావాన్ని పరీక్షించాలి. ఈ దశలు దాటకుండా, పళ్లెంలోని ఫలితం చూసి రోగిని మందులు మానమని చెప్పడం ప్రమాదకరం.

జాగ్రత్త: ఈ బాక్టీరియా వ్యాధిజనకం. ప్రయోగాన్ని ఇంట్లో చేయకండి. ప్రయోగశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలోనే చేయండి. వాడిన పళ్లేలను 121° సెం. వద్ద ఆటోక్లేవ్ చేశాకే పారవేయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఎషరీషియా కోలై వంటి గ్రామ్ రుణాత్మక బాక్టీరియాపై అనేక ఆకు సారాలు తక్కువ ప్రభావం చూపుతాయి. వాటి కణకవచంలోని బాహ్యత్వచాన్ని దృష్టిలో ఉంచుకొని కారణం రాయండి.