అమ్మమ్మ పేరే సంతకం

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో లక్షన్నరకు పైగా మొగలాయి కాగితాలున్నాయి. షాజహాన్ కాలంవి, ఔరంగజేబు కాలంవి. ఏ సర్దారు కింద ఎందరు రౌతులు, ఎవరికి ఎంత జీతం, ఎవరి గుర్రం ఏ రంగుది, దాని ఒంటిమీద ముద్ర ఎక్కడుంది అన్నీ రాసిపెట్టారు. నిజాముల దఫ్తర్-ఎ-దివానీ కాగితాలు వీటికి అదనం. గుర్రం మచ్చల్ని కూడా వదలని ఆ గుమాస్తాలు, ఆ గుర్రాలెక్కిన వాళ్ల తల్లుల పేర్లు రాయలేదు. అమ్మమ్మల సంగతి సరేసరి. జీతం బత్తెం లేని మనుషులతో దఫ్తరుకేం పని?

అలాంటి రోజుల్లోనే ఒకావిడ తన ఇంటి కథని ఖర్చు పెట్టుకుని మరీ రాయించుకుంది. ఆ కథ ఆమెతో మొదలవదు, ఆమె తండ్రితోనూ మొదలవదు. కట్టుబట్టలతో, కూతుళ్లతో ఊరు విడిచిన అమ్మమ్మతో మొదలవుతుంది. ఆ ఆర్కైవ్స్ పక్కనే మొదలయ్యే అడిక్‌మెట్ నేల ఒకప్పుడు ఈవిడ జాగీరు. ఇవాళ అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. ఆవిడే మహలఖా బాయి.

ఆమె గురించి నాలుగు మాటలు హైదరాబాదులో చాలామందికి తెలుసు. రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో నాట్యగత్తె. ఉర్దూ గజల్ కవయిత్రి. మగవేషంలో గుర్రమెక్కి నిజాం వెంట యుద్ధ శిబిరాలకు వెళ్లిన మనిషి. వీధిలోకి వస్తే ముందు నగారా మోగేంత హోదా. అడిక్‌మెట్ ఒక్కటే కాదు, హైదర్‌గూడ లాంటి చోట్ల కూడా ఆమెకు భూములుండేవి. క్యాంపస్ పిల్లలకైతే ఆమె ముందు మెట్లబావిగానే పరిచయం. ఉస్మానియా, ఇఫ్లూ ప్రాంగణాల దగ్గర ఆమె పేరు మీద పాత బావి ఉంది. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ఏడో నిజాం 1939లో ప్రారంభించేనాటికే ఆ నేలకు ఒక ఆడమనిషి యజమానురాలిగా ఉండి వెళ్లి వంద సంవత్సరాలు దాటింది. సెల్ఫీలన్నీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదే. బావి మెట్ల దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

ఈ కథనం మాత్రం మహలఖా బాయి కోసం కాదు. ఆమె ఎవరి పేరు మోసిందో ఆ అమ్మమ్మ కోసం.

అహ్మదాబాద్ నుంచి దేవలియా దాకా

కుటుంబం చెప్పుకున్న కథ ఇలా ఉంటుంది. మహమ్మద్ షా ఢిల్లీలో పాదుషాగా ఉన్న కాలం, అంటే 1719కీ 1748కీ మధ్య. గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో ఖ్వాజా మహమ్మద్ హుసేన్ అనే ఆయన సర్కారు వసూళ్ల ఉద్యోగంలో ఉండేవాడు. ఉత్తరాదిన పేరున్న బార్హా సయ్యదుల వంశం. ఆయన భార్య చందా బీబీ. పరదా చాటున పిల్లల్ని పెంచుకుంటున్న ఇల్లాలు. ఒకరోజు లెక్కల్లో సర్కారు సొమ్ము తేలలేదు. ఆయన కనిపించకుండా పోయాడు.

మగవాడు పారిపోతే సర్కారు చెయ్యి ఇంటిమీద పడుతుంది. చందా బీబీ పిల్లల్ని తీసుకుని ఊరు దాటింది. అహ్మదాబాద్ నుంచి ఈశాన్యంగా, కొండలూ అడవులూ దాటి, ఇప్పటి రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లా దేవలియా చేరింది. అక్కడ ఆమెకు నీడనిచ్చింది రాజబంధువులు కాదు, భగతియాలు. ఊరూరా తిరిగి పాడుతూ ఆడుతూ కథలు కట్టే మేళగాళ్లు. మన భాగవత మేళాల వాళ్లు ఒక సయ్యదుల కోడలికి గుడారంలో చోటిచ్చారనుకుంటే సరిపోతుంది.

కూతుళ్లు ఆ మేళంలోనే పాటా ఆటా నేర్చుకున్నారు. పేర్లు కూడా మారాయి. బీబీలు పోయి కున్వర్‌లొచ్చాయి. వాళ్లలో రాజ్ కున్వర్ దేవలియా పాలకుల ఇంటి సలీం సింగ్ కంట పడింది. అంతఃపురంలో గొడవలయ్యాయి. మళ్లీ మూట ముల్లె సర్దాల్సి వచ్చింది. ఈసారి దక్షిణానికి. బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్, చివరికి హైదరాబాద్. నిజాం సేనల వెంట ఊరంత బజారు నడిచేది. వర్తకులు, వంటవాళ్లు, పాటగాళ్లు, నాట్యగత్తెలు అందరూ ఆ బజారులోనే. ఈ కుటుంబం కూడా ఆ దారినే వచ్చింది. నిజాం అలీ ఖాన్ 1763లో రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చాడు కాబట్టి, కళను నమ్ముకున్న వాళ్లకు ఇక అటే దారి. అక్కడ రాజ్ కున్వర్‌కు బహాదుర్ ఖాన్ అనే మొగలాయి సర్దారుతో కూతురు పుట్టింది. 1768లో. ఆ పిల్లకు పెట్టిన పేరు చందా బీబీ.

అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టుకోవడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నదే. అయితే వంశం, ఇంటిపేరు, గోత్రం అన్నీ మగవాళ్ల వరసలో నడిచే లోకంలో ఈ ఇంటికి దారం అమ్మ నుంచి అమ్మకే నడిచింది. మొగుళ్లు వచ్చారు, పోయారు. ఒకరు పారిపోయారు, ఒకరిని వదులుకోవాల్సి వచ్చింది. ఇల్లు మాత్రం ఆడవాళ్ల చేతిలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదిలింది.

నమ్మాలా, వద్దా

ఈ కథ మనదాకా ఎలా వచ్చింది? మహలఖా బాయి చేతిలో డబ్బుంది, గ్రంథాలయం ఉంది, కొలువులో రచయితలున్నారు. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ ఆమె ప్రోత్సాహంతో పర్షియన్‌లో ‘మాహ్‌నామా’ అనే దక్కన్ చరిత్ర రాశాడు. రాజుల యుద్ధాల పక్కన ఆమె ఇంటి కథకూ చోటు దొరికింది. 20వ శతాబ్దం మొదట్లో గులాం సమ్దానీ ఖాన్ గౌహర్ ఉర్దూలో ‘హయాత్-ఎ-మాహ్ లఖా’ రాశాడు. ఇటీవలి కాలంలో స్కాట్ కుగల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ పాత ప్రతుల్ని జాగ్రత్తగా చదివి, 2016లో ‘వెన్ సన్ మీట్స్ మూన్’ అనే పుస్తకంలో ఈమెను ఔరంగాబాద్ కవి సిరాజ్ పక్కన కూర్చోబెట్టాడు.

డబ్బిచ్చి రాయించుకున్న చరిత్రని అనుమానించాల్సిందే. తవాయిఫ్‌ల, అంటే కొలువు నాట్యగత్తెల ఇళ్లలో చెప్పుకునే కథలు తరచూ ఇలాగే మొదలవుతాయి. మేం మొదట్నుంచీ ఈ వృత్తివాళ్లం కాదు, గొప్పింటివాళ్లం, కాలం కలిసిరాక ఇటొచ్చాం అంటాయి. సయ్యదుల వంశం అనేసరికి నాకూ కనుబొమ్మ లేచింది. కానీ ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. వంశాన్ని కల్పించుకునేవాళ్లు తాతను సర్కారు సొమ్ము తిని పారిపోయినవాడిగా ఎందుకు చెబుతారు? యుద్ధంలో వీరమరణం పొందాడని రాయించుకోవచ్చు. మక్కా వెళ్లి తిరిగి రాలేదనొచ్చు. జౌహర్ కలానికి అదొక లెక్కా? ఆ మచ్చను అలాగే ఉంచారంటే, ఇంట్లో ఆడవాళ్లు ఆ ముక్కను కోపంతోనో ఎత్తిపొడుపుతోనో పదేపదే చెప్పుకుని ఉంటారని నా ఊహ. కుటుంబాల్లో తాతల ఘనకార్యాలు మాసిపోతాయి కానీ, తాతలు చేసిన అప్పులు మాత్రం మూడు తరాలు గుర్తుంటాయి.

కథలో సాఫు చేసిన చోట్లూ ఉన్నాయి. పరదాలో పెరిగిన పిల్లలు మేళంలోకి అడుగుపెట్టిన మొదటిరోజు ఆ తల్లి మనసు ఎలా ఉందో ఏ మున్షీ రాయలేదు. భగతియాల పాట భక్తిపాట కాబట్టి పరవాలేదన్నట్టు దాటేశారు. పరువు కోసం దాటేసిన ఆ ఒక్క గడపే ఈ ఇంటి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంఘటన. చందా బీబీ ఆ గడప దాటకపోతే అహ్మదాబాద్‌లో ఒక కుటుంబం ఆకలికి ఆరిపోయేది. మనకు గజళ్లూ ఉండేవి కావు, బావీ ఉండేది కాదు.

మౌలాలి కింద

కాగితం మీద లేనిది కొంత రాతిమీద ఉంది. తార్నాక నుంచి లాలాపేట దాటి వెళితే మౌలాలి గుట్ట. రాజ్ కున్వర్ కడుపుతో ఉన్నప్పుడు ఈ గుట్ట దగ్గరికి వచ్చిందట. అక్కడే ఒంట్లో బాగాలేక గర్భం నిలుస్తుందో లేదోనని భయపడ్డారట. చిత్రకారుడూ చరిత్రకారుడూ సూఫీ అయిన తజల్లీ అలీ షా పైనున్న దర్గా నుంచి దారం, ధూపం తెచ్చి ఇచ్చాడని, పిల్ల దక్కిందని ఇంటివాళ్లు చెప్పుకున్నారు. ఆ పిల్లే పెద్దదై, తల్లి పోయాక 1792లో గుట్ట పాదాన సమాధి కట్టించింది. చుట్టూ గోడ, తోట, మసీదు, ఆషూర్‌ఖానా, నీళ్లవసతి. 1824లో తనూ వచ్చి తల్లి పక్కనే పడుకుంది. చాలా ఏళ్లు చెత్తా చెట్లూ కమ్ముకున్న ఆ చోటును 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు.

అమ్మమ్మకు మాత్రం ఇక్కడ రాయి లేదు. ఆమెకు దక్కింది ఇంకోటి.

గజల్ చివరి షేర్‌లో, అంటే చివరి ద్విపదలో కవి తన కలంపేరు చెప్పుకోవాలి. మాహ్ లఖా అంటే చంద్రముఖి, కొలువు ఇచ్చిన బిరుదు. ఆమె అది వాడుకోలేదు. ‘చందా’ అని సంతకం చేసింది. ఆమె దీవాన్‌లో, అంటే కవితల సంపుటిలో, 125 గజళ్లున్నాయి. అంటే అమ్మమ్మ పేరు గజల్ గజల్‌కీ వస్తూనే ఉంటుంది. దీవాన్ 1798లో కూర్చారు. 1799లో ఒక ప్రతిని ఆమె ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కంకు బహూకరించింది. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అహ్మదాబాద్‌లో సర్కారు బంట్లకు దొరక్కుండా నడిచిపోయిన అమ్మమ్మ పేరు, ఎనభై ఏళ్లు తిరక్కముందే ఓడెక్కి సముద్రం దాటిందన్నమాట.

మొట్టమొదటి ఉర్దూ దీవాన్ కవయిత్రి ఈమేనని చాలాకాలం చెప్పుకున్నారు. అదే హైదరాబాద్‌లో లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ 1797లోనే తయారైందని తర్వాత తేలింది. ఒక సంవత్సరం తేడా. మొదటి కుర్చీ ఎవరిదన్న తగువులో నాకు ఆసక్తి లేదు. ఒకే ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్క సంవత్సరాల్లో దీవాన్‌లు కట్టారన్నది అంతకన్నా పెద్ద వార్త.

స్తోమత లేనివాళ్ల మాటేమిటి

మహలఖా బాయిని ఇంగ్లిషు పాఠకుల ముందుకు తెచ్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’. మొదటి సంపుటం 1991లో వచ్చింది. సంపాదకులు సూసీ తారు, కె. లలిత. సూసీ తారు పాఠాలు చెప్పింది సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో, ఆ జాగీరు నేల పక్కనే. అదే సంపుటంలో తంజావూరు ముద్దుపళని కూడా ఉంది. ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ఆమె ‘రాధికా సాంత్వనము’ పీఠికలో తన వంశం చెప్పుకుంటూ నాయనమ్మ, అత్తల వరసే ఎత్తుకుంది. ఆ నాయనమ్మ పేరు తంజనాయకి. 19వ శతాబ్దం చివర్లో ఆ కావ్యాన్ని అచ్చేసిన పండితుడు శృంగారం ఎక్కువైందని కొన్ని పద్యాలు తీసేశాడు. పీఠిక కూడా ఎగిరిపోయింది. తంజనాయకి చేసిన అసభ్యమేమిటో మరి! 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ప్రతులు వెతికి పూర్తి పాఠం అచ్చువేయించింది. సర్కారు పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

మహలఖా బాయికి మున్షీని పెట్టుకునే డబ్బుంది. ముద్దుపళనికి తన సంగతి తనే రాసుకునే విద్య ఉంది. మన ఊళ్లలో ఎక్కువమంది అవ్వలకు ఈ రెండూ లేవు. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల సంఘం ఈ లోటు చూసి, టేప్ రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. కె. లలిత అక్కడా ఉంది. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ మాటల పుస్తకమే. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి పేరున్నవాళ్లున్నారు అందులో. కమలమ్మ కూడా ఉంది. దళంతో అడవిలో తిరుగుతూ, కన్నబిడ్డను వేరేవాళ్ల చేతిలో పెట్టి రావాల్సి వచ్చిన కమలమ్మ. చందా బీబీ పిల్లల్ని వెంటబెట్టుకుని నడవగలిగింది. కమలమ్మకు ఆ వీలు కూడా లేకపోయింది.

చందా బీబీ కథను మున్షీలు పర్షియన్‌లో నగిషీలు చెక్కి రాశారు. ఆమె నోట వచ్చిన మాట ఒక్కటీ అందులో వినపడదు. కమలమ్మ మాత్రం తన కథ తనే చెప్పింది, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. పుస్తకం వేసినవాళ్లు దాన్ని గ్రాంథికంలోకి దిద్దలేదు.