లంక చుట్ట, చాతం తేమ

అండమాన్‌లోని చాతం జెట్టీలో బంబూఫ్లాట్ పడవెక్కితే, రేవుకి అవతలి ఒడ్డున హోప్‌టౌన్, దాని వెనక హారియట్ కొండ కనిపిస్తాయి. 2021 నుంచి ఆ కొండను మౌంట్ మణిపూర్ అంటున్నారు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1890 నాటి నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో జొనాథన్ స్మాల్ అనే ఖైదీ ఆ వాలులోనే ఒక గుడిసెలో ఉంటూ శిక్ష అనుభవిస్తాడు. అదే నవలలో షెర్లాక్ హోమ్స్, 140 రకాల పొగాకు బూడిదల మీద తాను రాసిన గ్రంథం గురించి చెబుతూ లంక చుట్ట పేరెత్తుతాడు. అది గోదావరి లంకల ఆకుతో చుట్టిన మన చుట్టే. ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక్క కథలో గోదావరి, అండమాన్ ఇలా కలిశాయి.

నిజ జీవితంలో ఆ రెంటినీ కలిపింది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. వాళ్లు వదిలివచ్చిన ఊళ్లలో చుట్ట కాల్చడం మగవాళ్ల అలవాటే కాదు, ఆడవాళ్లదీ. అందుకే 'దొడ్లో నాలుగు మొక్కలు వేసుకుని మన చుట్ట మనమే చుట్టుకోలేమా' అన్న ప్రశ్న ఇక్కడ వింతగా తోచదు.

మొక్క బతకడం కష్టం కాదు. గ్రాముకి పదివేలకు పైగా గింజలుంటాయి. అంత సన్నం కాబట్టే ఇసుకలో కలిపి నారుమడిలో చల్లుతారు. నెలన్నర, రెండు నెలలకు నారు తీసి నాటుతారు. పూత వచ్చే వేళకి తల తుంచేసి, ఆ తర్వాత పుట్టే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేస్తారు. దాంతో బలమంతా ఆకుకి మళ్లుతుంది. నికోటిన్ వేళ్లలో తయారై ఆకుకెక్కేది కనుక, తల తుంచిన మొక్కలో ఘాటు ఇంకా పెరుగుతుంది.

అసలు విద్య కోత తర్వాత ఉంది. పచ్చాకును గబగబా ఎండబెడితే ఆకుపచ్చగానే ఎండి, పొగ గొంతు కోస్తుంది. ఆకు నెమ్మదిగా వాడిపోవాలి. పిండి చక్కెరగా మారాలి, రంగు తిరగాలి. తర్వాత కుప్పగా పేర్చి మండె వేస్తే, లోపల పుట్టిన వేడికి ఆకు మాగుతుంది. మండెను విప్పి, పైఆకు కిందికీ కిందాకు పైకీ తిప్పి మళ్లీ పేర్చాలి. చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పగల మనిషి ఉంటేనే అది సాగుతుంది. చుట్టేటప్పుడు ఆకు పదును మీద ఉండాలి. ఎక్కువ ఎండితే పొడైపోతుంది, తడి మిగిలితే బూజు పడుతుంది.

లంకలకు ఆ భాగ్యం నది ఇచ్చింది. వరద తీసి ఒండ్రు మిగిల్చాక నాటితే, కోతకు పొడి గాలుల కాలం వస్తుంది. చాతానికి అది లేదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, రెండు రుతుపవనాలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాస్త తెరిపి ఉన్నా గాలిలో ఉప్పు తేమ పోదు. 1883 నుంచి రంపపు మిల్లు నడిచిన దీవి ఇది. కలపకైనా పొగాకుకైనా తడి తీయడమే మొదటి పని అని ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంకొక ప్రమాదం ఉంది. తడిసిన పొగాకును ఒట్టి చేతులతో కోస్తే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. తల తిరిగి వాంతులవుతాయి. వానల దేశంలో ఈ పంట పిల్లలు తిరిగే పెరట్లో వద్దని నా గట్టి అభిప్రాయం.

'మన దొడ్లోది, మందులు కొట్టనిది, ఏం చేస్తుంది?' అనే మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. శ్రీకాకుళం తీరమే దానికి జవాబు. అక్కడ చాలామంది ఆడవాళ్లు అడ్డపొగ కాలుస్తారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ నిప్పు సెగ, పొగ తిన్నగా అంగిలికి తగులుతాయి. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ అంగిలి జబ్బుల గురించే. విశాఖ ప్రాంతంలో అంగిలి క్యాన్సర్ ఎక్కువన్న సంగతి అంతకు ముందే, 1930లలోనే వైద్యులు రాశారు. ఆ చుట్టలకు వాడిందీ నాటు ఆకే. క్యాన్సర్ కారకాల్లో ముఖ్యమైనవి ఆకు మాగేటప్పుడూ కాలేటప్పుడూ పుట్టేవే, పురుగుమందు సీసాలోంచి వచ్చేవి కావు.

చుట్ట చుట్టే నేర్పు మన తాతలది, మామ్మలది. ఆకు పేరు, మండె వేడి, పదును తెలిసిన పెద్దలు ఉండగానే వాళ్ల చేత చెప్పించి రాసిపెట్టుకోవాలని కోరుకుంటాను. వాళ్లను అడిగేటప్పుడే ఒకసారి నోరు తెరిచి అంగిలి చూపించమనీ అడగాలి. తెల్లబారిన మచ్చ ఉంటే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చుట్ట మానమనీ చెప్పాలి, దానివల్ల మేలుంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకు ఇంటింటికీ వెళ్లి మానమని నచ్చజెప్పిన ప్రయోగం ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మానినవాళ్లలో, తగ్గించినవాళ్లలో నోటి మచ్చలు తగ్గాయి. ఏళ్ల తరబడి కాల్చినవాళ్లూ అందులో ఉన్నారు.